అడుగులకు అరిసెలు ఎప్పుడు వండాలి?

పోయిన నెల ఈ పేజీ చివర "పిల్లల నడక గురించి ఏదైనా అడగొచ్చు" అని ఒక్క వాక్యం రాశాను. మన ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, ఛత్రపురం, మా బరంపురం నుంచి ఇన్ని ప్రశ్నలొస్తాయని అనుకోలేదు. సగానికి సగం ఒకే ప్రశ్న: ఇంకా నడవలేదు, ఏం చెయ్యాలి? ఆ ఉత్తరాలన్నిటికీ కలిపి మొదటి జవాబు కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, మీ బిడ్డ వయసు వేరైనా అది చదవండి.

ప్రశ్న: మా పాపకి పద్నాలుగు నెలలు నిండాయి. పాకుతుంది, మంచం పట్టుకుని లేచి నిలబడుతుంది, పట్టుకునే పక్కకి నాలుగడుగులు వేస్తుంది, చెయ్యి వదిలితే మాత్రం కూలబడిపోతుంది. ఎదురింటి బాబు పదో నెలలోనే నడిచేశాడు. మా అత్తగారు అరిసెలకి బెల్లం కూడా తెప్పించి ఉంచారు, "ఇంకా ఎప్పుడు?" అని రోజూ అడుగుతున్నారు. పాప నెల రోజులు ముందే పుట్టింది. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. డాక్టర్‌కి చూపించాలా? (ఒక తల్లి, రాయగడ)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మీకు తెలియకుండానే జవాబు సగం రాసేశారు. పట్టుకుని పక్కకి నాలుగడుగులు వేస్తోంది అన్నారు చూడండి, అదే నడక మొదలు. ఇక మొదట ఒక లెక్క సరిచేసుకుందాం. నెల ముందు పుట్టిన పాపకి ఆ నెల తీసేసి లెక్క పెట్టాలి, కాబట్టి నడక విషయంలో మీ పాప వయసు పదమూడు నెలలే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలందరికీ రెండేళ్ళు వచ్చేదాకా ఇలాగే లెక్కపెడతాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు ఇండియా, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా ఈ ఐదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న 816 మంది పిల్లలని క్రమం తప్పకుండా గమనించి, 2006లో ఒక లెక్క ప్రచురించారు. మన దేశం నుంచి అందులో ఉన్నవాళ్ళు ఢిల్లీ పిల్లలు. ఎవరినీ పట్టుకోకుండా నడవడం తొందరగా వచ్చినవాళ్ళకి 8.2 నెలలకే వచ్చింది, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి 17.6 నెలలకి వచ్చింది, సగం మంది పన్నెండు నెలలు దాటేసరికి నడిచారు. అందరూ ఆరోగ్యవంతులైన పిల్లలే, అయినా మొదటివాడికీ చివరివాడికీ మధ్య తొమ్మిది నెలల తేడా. ఎదురింటి బాబు ఆ వరసలో ముందున్నాడు, మీ పాప కాస్త వెనక ఉంది, అంతే. ముందు నడిచినవాడు రేపు తెలివైనవాడో, పరుగుల్లో గెలిచేవాడో అవుతాడని దానర్థం కాదు.

అసలు నడక ఎందుకంత ఆలస్యమో మీ అత్తగారికి ఇలా చెప్పండి. అప్పుడే పుట్టిన బిడ్డని చంకల కింద పట్టుకుని పాదాలు మంచానికి ఆనిస్తే టకటకా అడుగులు వేస్తున్నట్టు కాళ్ళు ఆడిస్తుంది, మీరూ చూసే ఉంటారు. రెండో నెల దాటేసరికి అది మాయమైపోతుంది. మెదడు ఎదిగి దాన్ని అణిచేస్తుందని చాలా కాలం అనుకున్నారు. 1980లలో అమెరికాలో ఎస్తర్ థెలెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆ అడుగులు ఆగిపోయిన పిల్లలని ఛాతీ దాకా గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టి చూస్తే, మళ్ళీ అడుగులు వేశారు! కాళ్ళకి కొవ్వు పట్టి బరువెక్కాయి, ఆ బరువు ఎత్తేంత బలం ఇంకా రాలేదు, నీళ్ళలో బరువు తగ్గేసరికి కాళ్ళు లేచాయి. అంటే అడుగు వెయ్యడం బిడ్డకి పుట్టుకతోనే ఉంది, రావాల్సింది బలం, నిలదొక్కుకోవడం. ఒంటికాలి మీద ఒక్క క్షణం ఒళ్ళంతా మొయ్యగలిగితేనే రెండో కాలు లేస్తుంది. ఆ క్షణం కోసమే మీ పాప మంచం పట్టుకుని రోజూ కసరత్తు చేస్తోంది.

ఇంకో లెక్క చెబుతాను, నాకు చాలా ఇష్టమైనది. 2012లో న్యూయార్క్‌లో కరెన్ అడాల్ఫ్ అనే ఆవిడ బృందం పన్నెండు నుంచి పంతొమ్మిది నెలల పిల్లలు ఆడుకుంటుంటే వీడియో తీసి లెక్కపెడితే, సగటున గంటకి 2368 అడుగులు వేశారు, పదిహేడు సార్లు పడ్డారు. గంటకి! ఏ పెద్దవాళ్ళూ ఏ విద్యనీ ఇంత సాధన చెయ్యరు. కాబట్టి మీ పాపకి కావలసిన మందు నేల. రోజులో ఎంతసేపు చంకలో ఉంటోంది, ఎంతసేపు ఉయ్యాలలో ఉంటోంది, ఎంతసేపు నేల మీద ఉంటోంది, ఒక్క రోజు గమనించి చూడండి. ఉమ్మడి కుటుంబాల్లో బిడ్డని దింపేవాళ్ళే ఉండరు, ఒకరి చంకలోంచి ఇంకొకరి చంకలోకి, ప్రేమే అది, కానీ కాలికి పని దొరకదు.

ఇంట్లో చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు. మేజోళ్ళూ బూట్లూ వద్దు, ఉత్త కాళ్ళతో వదలండి. నున్నటి టైల్స్ అయితే చాప పరిస్తే జారుతుంది, చాప కూడా వద్దు, తడి లేకుండా తుడిచి ఉంచితే చాలు. మంచం, కుర్చీ, ట్రంకుపెట్టె ఒక వరసలో కాస్త దూరం దూరంగా పెట్టండి, ఒకటి వదిలి ఇంకొకటి అందుకోవడానికి ఆ ఖాళీలోనే తొలి అడుగు పడుతుంది. పాపని చిన్న పీట మీద కూర్చోబెట్టి, ఎదురుగా మంచం మీద బొమ్మ పెట్టండి, లేస్తుంది, కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది, తొడలకి అంతకంటే మంచి వ్యాయామం నేను కూడా చేయించలేను. నడిపించేటప్పుడు రెండు చేతులూ పైకి లాగి వేలాడదీసినట్టు నడిపించకండి, బరువంతా మీ చేతుల మీదే పడి తన నడుముకి పని ఉండదు. నడుము దగ్గర పట్టుకోండి, లేదా చేతులు తన ఛాతీ ఎత్తుకి మించకుండా పట్టుకోండి.

నూనె రాయడం గురించి చాలామంది అడిగారు. రాయండి, బిడ్డకీ అమ్మకీ హాయిగా ఉంటుంది. కానీ "కాళ్ళు సాగితే తొందరగా నడుస్తుంది" అని కాళ్ళు పట్టి లాగడం, తలకిందులుగా పట్టి ఊపడం, కీళ్ళు టక్‌మనేదాకా తిప్పడం మాత్రం దయచేసి ఆపించండి. మన అమ్మమ్మల చేతుల్లో ఎంత నేర్పున్నా పసిపిల్లల కీళ్ళు దానికి తట్టుకోవు.

మరి ఎప్పుడు చూపించాలి? తొమ్మిది నెలలు నిండినా ఆనుకోకుండా కూర్చోకపోతే, పద్దెనిమిది నెలలు నిండినా పట్టుకోకుండా నడవకపోతే, ఇంకొక నెల ఆగుదాం అనుకోకండి. ఇవి కాక వయసుతో సంబంధం లేకుండా వెంటనే చూపించాల్సినవి: ఏడాది లోపే ఒక చేతినే వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచడం, పాకేటప్పుడు ఒక కాలు ఈడ్చడం, ఒళ్ళు గుడ్డపీలికలా వాలిపోవడం లేదా కాళ్ళు కత్తెరలా బిగుసుకోవడం, అన్నిటికంటే ముఖ్యంగా నిన్నటిదాకా చేసిన పని ఈ నెల చెయ్యకపోవడం. మీ పాపలో ఇవేవీ నాకు కనిపించలేదు. ఈ నెల మమతా దివస్‌కి, అదే ఊళ్ళో జరిగే తల్లీబిడ్డల ఆరోగ్య దినానికి, వెళ్ళినప్పుడు అంగన్‌వాడీ దీదీని అడిగి, తల్లీబిడ్డల కార్డులో ఏ వయసుకి ఏం చెయ్యాలో ఉన్న పేజీ తీయించి ఇద్దరూ కలిసి చూడండి. ఆ పేజీ చాలా మంది కార్డుల్లో ఖాళీగా ఉండటం నేను చూస్తూనే ఉన్నాను.

తొలి అడుగులు పడ్డాక కూడా కంగారు పడకండి. కాళ్ళు ఎడంగా, చేతులు భుజాల ఎత్తున పైకి, పాదం మొత్తం ఒకేసారి నేలకి టప్‌మని, తాగినవాళ్ళలా తూలుతూ నడుస్తుంది, తప్పటడుగులంటే అవే. నెలలు గడిచేకొద్దీ చేతులు కిందికి దిగుతాయి. ఏడాదిన్నర, రెండేళ్ళ మధ్య మడమ ముందు ఆనించడం, చేతులు ఊపడం వస్తాయి. మూడేళ్ళకి నడక తీరు చాలావరకు కుదురుతుంది, ఏడేళ్ళకి పెద్దవాళ్ళ నడకే. పలుకులకు చిలకలు, కూర్చుంటే కుడుములు, అడుగులకు అరిసెలు అని మనవాళ్ళు ఎంత ముచ్చటగా పెట్టారో చూడండి, కానీ ఏ నెలలో వండాలో ఎక్కడా చెప్పలేదు. మీ అత్తగారికి నా నమస్కారాలు, బెల్లం ఉండనివ్వండి.

ప్రశ్న: మా బాబుకి పదకొండు నెలలు, అసలు దోగాడలేదు. కూర్చుని, ఒక చెయ్యి నేలకి ఆనించి, పిర్రల మీద జరుగుతూ ఇల్లంతా తిరుగుతాడు. పాకకుండా నడిస్తే వెన్ను బలహీనంగా ఉంటుందని ఒక బంధువు అన్నారు. (జయపురం)

జవాబు: అలా ఏమీ లేదమ్మా. ఇందాక చెప్పిన ఐదు దేశాల లెక్కలోనే నూటికి నలుగురు పిల్లలు మోకాళ్ళ మీద దోగాడనే లేదు, అయినా నడిచారు. కూర్చుని జరిగే పిల్లలు ఉంటారు, చాలాసార్లు అది కుటుంబంలోనే ఉంటుంది, మీ ఆయన చిన్నప్పుడు ఎలా తిరిగేవారో మీ అత్తగారిని అడిగి చూడండి. వీళ్ళకి ఎక్కడికైనా వెళ్ళే ఉపాయం దొరికేసింది కాబట్టి లేచి నిలబడే తొందర ఉండదు, నడక కాస్త ఆలస్యంగానే రావచ్చు. అలాగని పద్దెనిమిది నెలల హద్దుని వీళ్ళ కోసం జరపకండి, అప్పటికీ నడవకపోతే ఒకసారి చూపించాలి. ఎప్పుడూ ఒకే చేత్తో తోసుకుంటున్నాడా, రెండో చేత్తో బొమ్మలు పట్టుకుంటున్నాడా అనేది కూడా చూసి రాయండి. రోజూ కాసేపు బోర్లా వేసి ఎదురుగా మీరు పడుకుని ఆడించండి.

ప్రశ్న: మాది పాత బరంపురం, పట్టు నేత కుటుంబం. ఇంట్లోనే గుంట మగ్గం. మా బావమరిది విశాఖ నుంచి బాబుకి వాకర్ తెచ్చాడు, చక్రాలూ సంగీతమూ అన్నీ ఉన్నాయి. ఎనిమిది నెలల వాడు, అందులో కూర్చోబెడితే ఏడవడు, మేమిద్దరం పని చేసుకోవచ్చు. అది మంచిది కాదని మీరు ఎక్కడో చెప్పారట. తెచ్చినవాడు నొచ్చుకుంటాడు కదా? (ఒక తండ్రి)

జవాబు: నాయనా, మీ ఇబ్బంది నాకు అర్థమైంది. ఇద్దరూ మగ్గం మీద కూర్చుంటే తప్ప పూట గడవని ఇళ్ళు నాకు తెలుసు, బిడ్డని ఎవరు చూస్తారన్నది నిజమైన కష్టం. అయినా నేను గట్టిగానే చెప్తాను, ఆ వాకర్ వద్దు. కెనడా దేశంలో 2004 నుంచి వాటిని అమ్మడమే నేరం, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం అక్కడా నిషేధించమని ఏళ్ళ తరబడి అడుగుతోంది. కారణం మెట్ల మీంచి పడి తలలు పగలడం. వాకర్‌లో ఉన్న బిడ్డ ఒక్క సెకనులో మూడడుగుల దూరం దాటగలడు, మీరు మగ్గం వదిలి లేచేలోపల గుంట అంచు దగ్గర ఉంటాడు. పాకే బిడ్డ అంచు దగ్గరికొచ్చి చెయ్యి పెట్టి తడిమి చూస్తాడు, వాకర్‌లో ఉన్నవాడికి ఆ అవకాశమే ఉండదు, ముందు చక్రమే దిగిపోతుంది.

నడక నేర్పుతుందనేది కూడా నిజం కాదు. 2002లో ఐర్లాండ్‌లో చేసిన పరిశీలనలో వాకర్‌లో గడిపిన ప్రతి ఇరవై నాలుగు గంటలకీ నడక మూడు రోజులకు పైగా ఆలస్యమైనట్టు తేలింది. ఎందుకంటే అందులో బిడ్డ నిలబడడు, వేలాడతాడు. కాలివేళ్ళతో వెనక్కి తన్నడమే నేర్చుకుంటాడు, ముందున్న పళ్ళెం అడ్డమొచ్చి తన కాళ్ళు తనకే కనబడవు, పడి లేచే విద్య అసలే రాదు. పడటం నేర్చుకోకుండా నడక రాదు నాయనా.

ఏం చెయ్యొచ్చంటే, చక్రాలు తీసేసి దాన్ని ఒక మూల కదలని కుర్చీలా వాడండి, అదీ పదిహేను నిమిషాలకి మించి వద్దు. మీ బావమరిదికి కోపం రాకపోతే దాన్ని ఇచ్చేసి, చెక్కతో చేసే మూడు చక్రాల తోపుడు బండి తెమ్మనండి, మన తాతల నాటిది, నిలబడి తోసుకుంటూ పోయేది. అది బిడ్డ బరువు మొయ్యదు, బిడ్డే దాన్ని తొయ్యాలి, అందుకే మంచిది. లేచి నిలబడటం వచ్చాకే ఇవ్వండి. మగ్గం గుంటకి మాత్రం ఈ వారమే చుట్టూ మోకాలెత్తు చెక్క అడ్డం కట్టించండి. పని వేళల్లో కింద పాత చీరలు పరిచి, నాలుగు వైపులా పెట్టెలు అడ్డుపెట్టి ఒక చిన్న ఆవరణ చేస్తే బాబు అందులో దొర్లుతాడు, లేస్తాడు, మీకు కళ్ళెదుటే ఉంటాడు.

ప్రశ్న: బాబుకి ఇరవై నెలలు. కాళ్ళు దొడ్డిగా ఉన్నాయి, పాదాలు కలిపి నిలబెడితే మోకాళ్ళ మధ్య నాలుగు వేళ్ళు పడతాయి. చంకనేసుకుని తిప్పినందుకే ఇలా అయిందని మా అమ్మ, తొందరగా నిలబెట్టినందుకని మా అత్త. ఎవరిది తప్పు? (పర్లాకిమిడి)

జవాబు: ఇద్దరిదీ కాదు. తొమ్మిది నెలలు కడుపులో కాళ్ళు మడుచుకుని ఉన్న బిడ్డ కాళ్ళు వంపుగానే ఉంటాయి, నడక మొదలయ్యాక ఆ వంపు కళ్ళకి ఎక్కువ కనిపిస్తుంది. రెండేళ్ళు వచ్చేసరికి చక్కబడతాయి. అక్కడితో ఆగదు, మూడు నాలుగేళ్ళప్పుడు అటు తిరిగి మోకాళ్ళు రాసుకునేలా లోపలికి వంగుతాయి, అప్పుడు మళ్ళీ మీరు నాకు ఉత్తరం రాస్తారు! ఏడేళ్ళు వచ్చేసరికి అదీ సర్దుకుంటుంది. ఎముకలు ఎదిగే తీరే అంత, దీనికి కట్లూ వద్దు, ప్రత్యేకమైన బూట్లూ వద్దు. చంకన ఎత్తుకోవడం తప్పు కాదు సరికదా తుంటి కీలుకి చాలా మేలు, దాని గురించి కింద ఇంకో జవాబులో చెప్తాను.

అయితే కొన్ని చూడాలి. వంపు ఒక కాలికే ఉందా? రెండేళ్ళు దాటాక తగ్గకుండా పెరుగుతోందా? ముంజేతి మణికట్లు లావుగా ఉబ్బినట్టున్నాయా? పక్కటెముకల వరసలో పూసల్లా తగులుతున్నాయా? ఎత్తు పెరగడం లేదా, పళ్ళు ఆలస్యమా? వీటిలో ఒక్కటున్నా చూపించండి, రికెట్స్, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు, కావచ్చు, రక్త పరీక్షా మణికట్టు ఎక్స్‌రే చేయించాలి. డి విటమిన్ తగ్గితే, కాల్షియం తగ్గితే ఎముక గట్టిపడదు. ఏడాది లోపు పిల్లలకి రోజుకి 400 యూనిట్ల డి విటమిన్ చుక్కలు ఇవ్వమని మన దేశంలో పిల్లల డాక్టర్లు చెప్తారు, మీ బాబుకి ఇచ్చారో లేదో గుర్తు తెచ్చుకోండి. కానీ మందుల షాపులో అడిగి 60,000 యూనిట్ల పొడి పొట్లాలు తెచ్చి వారం వారం పట్టకండి, డి విటమిన్ ఎక్కువైతే కిడ్నీలు పాడవుతాయి, ఆ మోతాదు డాక్టర్ రాయాల్సిందే.

తిండిలో మన దగ్గర చోళ్ళున్నాయి, అదే రాగులు, కొండ మీద మండియా అంటారు, నూరు గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం. బాబు పాలు తప్ప ఏమీ తినకపోతే చోడి జావ అలవాటు చెయ్యండి. మూడు నెలలకోసారి పడుకోబెట్టి, చీలమండలు కలిపి, మోకాళ్ళ మధ్య దూరం టేపుతో కొలిచి కేలండర్ మీద రాసుకోండి. దూరం తగ్గుతూ వస్తే అమ్మకీ అత్తకీ ఆ కేలండర్ చూపించండి.

ప్రశ్న: మా మనవరాలికి రెండేళ్ళ మూడు నెలలు. పదిహేనో నెలలో నడిచింది, కానీ నడిచేటప్పుడు ఎడమవైపు ఒరుగుతుంది. నొప్పి అనదు, హుషారుగా తిరుగుతుంది. ఇంట్లో అందరూ బాతు నడక అని ముచ్చటపడుతున్నారు. పెద్దయితే పోతుందంటున్నారు. నాకెందుకో మనసు ఒప్పడం లేదు. మా అమ్మాయికి తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగి కాళ్ళు ముందు ఉన్నాయని ఆపరేషన్ చేశారు. (ఒక తాత, గుణుపురం)

జవాబు: తాతగారూ, మీ మనసు చెప్పిందే సరైనది. ఇది ముచ్చట పడే నడక కాదు. ఈ వారంలోనే పాపని చూపించాలి, పండగ అయ్యాక అనుకోవద్దు.

ఆడపిల్ల, తొలి కాన్పు, కాళ్ళు ముందుగా ఉన్న బిడ్డ, ఒకవైపు ఒరిగే నడక, నొప్పి లేకపోవడం. ఈ ఐదూ కలిసి ఒకచోట వినిపిస్తే మాకు మొదట గుర్తొచ్చేది తుంటి కీలు పుట్టుకతోనే గూట్లో సరిగ్గా కుదరకపోవడం. తొడ ఎముక తల గుండ్రంగా గిన్నెలాంటి గూట్లో కూర్చోవాలి. అది జారి పైన ఉంటే ఆ కాలు మీద బరువు వేసినప్పుడల్లా నడుము ఒరుగుతుంది. నొప్పి ఉండదు కాబట్టే బిడ్డ హుషారుగా తిరుగుతుంది, ఇంట్లోవాళ్ళు నిశ్చింతగా ఉండిపోతారు. ఇంట్లో మీరు చూడగలిగేవి కొన్నున్నాయి. వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళు మడిచి పాదాలు పక్కపక్కన పెడితే ఒక మోకాలు కిందికి ఉందా, తొడలు పక్కకి తెరిస్తే ఒకటి తక్కువ తెరుచుకుంటోందా. కానీ ఇవి కనిపించకపోయినా ఆగకండి, ఎక్స్‌రే ఒక్కటే తేలుస్తుంది. రెండు తుంటి కీళ్ళూ కనిపించేలా పెల్విస్ ఎక్స్‌రే కావాలని, పిల్లల ఎముకల డాక్టర్ చూడాలని అడగండి. బరంపురం మెడికల్ కాలేజీకి రావచ్చు, మీ ఊరి నుంచి విశాఖకి రైలుంది కాబట్టి అటైనా వెళ్ళొచ్చు.

ఎందుకింత తొందర పెడుతున్నానంటే, ఇది ఆరు నెలల లోపల తెలిస్తే చాలామందికి మెత్తటి పట్టీలు కట్టి కొన్ని వారాలు ఉంచితే కీలు కుదురుతుంది. నడక వచ్చాక తెలిస్తే ఎక్కువగా ఆపరేషనూ, తర్వాత నడుము నుంచి కాలి దాకా పిండికట్టూ అవసరమవుతాయి. ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్ పెద్దదవుతుంది, ఫలితం తగ్గుతుంది. నా దగ్గరికి నాలుగేళ్ళు నిండాక ఒక పాప వచ్చింది. రెండేళ్ళప్పుడే తల్లి గమనించి తీసుకెళ్తే ఒకచోట బట్టలు కూడా విప్పి చూడకుండా "ఎముకలు ముదిరితే సర్దుకుంటుంది, నడుస్తోంది కదా" అని పంపేశారట. ఆ తల్లి నా ముందు కూర్చుని "నేను చూశానమ్మా, నేను చెప్పానమ్మా" అని మళ్ళీ మళ్ళీ అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందుకే మీతో అంటున్నాను, ఎవరైనా సర్దుకుంటుందని పంపేస్తే, ఎక్స్‌రే తియ్యకుండా ఎలా చెప్తున్నారని అడగండి. అడగడం మీ హక్కు.

మిగతా పాఠకులకి ఇక్కడే ఒక మాట. పసిబిడ్డని గుడ్డలో చుట్టేటప్పుడు కాళ్ళు తిన్నగా చాపి బిగించి చుట్టకండి, తొడలు మడుచుకుని పక్కకి తెరుచుకునేంత వదులు ఉంచండి. మన ఆడవాళ్ళు బిడ్డని చంకనేసుకుంటే కాళ్ళు నడుముకి అటూ ఇటూ వస్తాయి చూడండి, తుంటి కీలుకి అంతకంటే మంచి భంగిమ లేదు.

ఇంకొకటి, నిన్న బాగా నడిచిన బిడ్డ ఇవాళ జ్వరంతో కాలు నేల మీద పెట్టకపోతే అది వేరే సంగతి, ఆ రోజే, ఆ పూటే ఆసుపత్రికి. కీలులో చీము పడితే గంటలు కూడా విలువైనవే. అరచేతులూ పాదాలూ ఉబ్బి నడవనని ఏడ్చే చిన్నపిల్లలకి సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బుకి పరీక్ష కూడా చేయించండి, మన ఒడిశాలో అది ఎక్కువే.

ప్రశ్న: రెండేళ్ళ బాబు మునివేళ్ళ మీద నడుస్తాడు, పిలిచి చెబితే మడమ ఆనిస్తాడు, మళ్ళీ మామూలే. (రాయగడ)

జవాబు: చెప్పగానే మడమ ఆనిస్తున్నాడంటే పిక్కలు బిగుసుకోలేదు, మంచి సంగతి. కొత్తగా నడిచే పిల్లల్లో ఇది మామూలే, మూడేళ్ళకల్లా ఎక్కువమంది మానేస్తారు. గొంతుకూర్చుని ఆడే ఆటలు ఆడించండి. మూడేళ్ళు దాటినా పోకపోతే, మడమ అసలు ఆనించలేకపోతే, ఒక్క కాలే వేళ్ళ మీద ఉంటే చూపించండి. మాటలు రాలేదా, పిలిస్తే పలకడా అన్నది కూడా డాక్టర్‌కి చెప్పండి, అవి కలిసి చూడాల్సిన విషయాలు. మగపిల్లల తల్లిదండ్రులు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: మూడు నాలుగేళ్ళ బాబు నేల మీంచి లేచేటప్పుడు తన తొడల మీదే చేతులు ఆనించి పైకి పాకుతున్నట్టు లేస్తుంటే, పిక్కలు లావుగా గట్టిగా ఉంటే, మెట్లు ఎక్కలేకపోతే, సీపీకే అనే రక్త పరీక్ష చేయించమని అడగండి. కండరాల జబ్బు ఉంటే అందులో తెలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి నాలుగేళ్ళు, పాదాలు చదును. చెప్పుల షాపులో పాదం చూసి లోపల పెట్టే ప్రత్యేకమైన మెత్తలు తీసుకోకపోతే నడుము నొప్పులొస్తాయన్నారు, చాలా డబ్బు చెప్పారు. కొనాలా? (ఛత్రపురం)

జవాబు: ఇప్పుడే కొనకండి. చిన్నపిల్లల అరికాలి కింద కొవ్వు మెత్త ఉంటుంది, కీళ్ళు వదులుగా ఉంటాయి, అందుకే చదునుగా కనిపిస్తుంది. ఆరేళ్ళు వచ్చేదాకా వంపు తేరుతూనే ఉంటుంది. ఒక చిన్న పరీక్ష చెయ్యండి, అమ్మాయిని మునివేళ్ళ మీద నిలబడమనండి, అప్పుడు అరికాలిలో వంపు కనిపిస్తే, నొప్పి లేకపోతే, ఏమీ చెయ్యక్కర్లేదు. వేళ్ళ మీద నిలబడినా చదునుగానే, బిగుసుకుని ఉంటేనో, నొప్పి ఉంటేనో చూపించాలి.

ఈ విషయంలో మన దేశం డాక్టర్లే మంచి పరిశీలన చేశారు. 1992లో ప్రచురించిన లెక్కలో నాలుగు నుంచి పదమూడేళ్ళ 2300 మంది పిల్లల అరికాళ్ళ ముద్రలు తీసి చూస్తే, చెప్పులూ బూట్లూ వేసుకునేవాళ్ళలో నూటికి 8.6 మందికి చదును పాదాలు, ఉత్త కాళ్ళతో తిరిగేవాళ్ళలో 2.8 మందికే. కాబట్టి ఇంట్లో, వాకిట్లో, ఇసుకలో ఉత్త కాళ్ళతో ఆడనివ్వండి, ఛత్రపురంలో సముద్రం పక్కనే ఉంది, మీకు కొదవేముంది. బయటికి మెత్తటి, వంగే అడుగున్న చెప్పులు చాలు, వేళ్ళ ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి.

ఇంకా అనుమానంగా ఉంటే నాకు వీడియో పంపండి, మిగతావాళ్ళు కూడా ఇలాగే తియ్యండి: మోకాళ్ళు కనిపించే చెడ్డీ, ఉత్త కాళ్ళు, ఫోన్ బిడ్డ నడుము ఎత్తున పట్టుకుని, ఎదురుగా ఒకసారి, వెనకనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి, పదేసి అడుగులు. "నడు నడు" అని అరవకండి, అరిస్తే నడక మారిపోతుంది. వాళ్ళ నాన్ననో తాతనో అవతలి చివర కూర్చోబెట్టండి, తనంతట తానే వెళ్తుంది.